చేతిలోని రాయి స్ఫాలరైటా, గెలీనానా, సిడరైటా, గార్నెట్టా? తేల్చుకునే పద్ధతి

మా అక్క కూతురు తిరుపతిలో బీఎస్సీ జియాలజీ చదువుతోంది. ప్రాక్టికల్ పరీక్షకు నాలుగు రోజుల ముందు గుడ్డసంచిలో నాలుగు రాళ్లు వేసుకుని ఇంటికి వచ్చింది. సీనియర్ల దగ్గర అడిగి తెచ్చుకున్నవి. వాటికి అంటించిన చీటీలు ఎప్పుడో ఊడిపోయాయి. "మామా, వీటిలో స్ఫాలరైట్ ఒకటుందంట. ఏదో చెప్పు. నాకు అన్నీ ఒకేలాగా ఉండాయి" అంది. నేను పేరు చెప్పలేదు. చెబితే ఆ ఒక్క రాయే గుర్తుంటుంది. రేపు టేబుల్ మీద ఇంకో రంగు స్ఫాలరైట్ పెడితే మళ్లీ టెన్షనే. ఆ మధ్యాహ్నం ఇద్దరం కింద కూర్చుని ఆ నాలుగింటినీ ఎలా పోల్చామో, ఏ పరీక్షను నమ్మామో, దేన్ని పక్కన పెట్టామో రాస్తున్నాను. జియాలజీ విద్యార్థులకూ, స్కూల్లో రాళ్ల పెట్టె పెట్టాలనుకునే టీచర్లకూ పనికొస్తుంది.

స్ఫాలరైట్ అంటే జింక్ సల్ఫైడ్. పాత పుస్తకాల్లో జింక్ బ్లెండ్ అని ఉంటుంది. లోకంలో తవ్వి తీసే జింక్‌లో చాలా ఎక్కువ భాగం దీని నుంచే వస్తుంది. ఇనుము కలవని స్ఫాలరైట్ బరువులో 67 శాతం జింకే. పశువుల కొట్టం మీది జి.ఐ. రేకు పూత, ఇత్తడి చెంబులో రాగితో కలిసిన లోహం, వరి మడిలో జింక్ లోపం కనిపిస్తే రైతు వేసే జింక్ సల్ఫేట్, ఇవన్నీ చాలావరకు ఈ రాయి దగ్గర మొదలైనవే. మన దేశంలో రాజస్థాన్‌లోని జావర్, రాంపురా ఆగూచా గనులు దీనికి పేరున్నవి. జావర్‌లో వందల ఏళ్ల కిందటే జింక్ తీశారు. అది తేలిక పని కాదు. జింక్ 907 డిగ్రీల సెల్సియస్‌కే ఆవిరైపోతుంది, అందుకని మామూలు కొలిమిలో చేతికి దొరకదు. అక్కడివాళ్లు వంకాయ ఆకారంలో మట్టి మూసలు చేసి, ఆ ఆవిరిని కిందికి దించి, చల్లబరిచి పట్టుకున్నారు. ఆ సంగతి చదివిన ప్రతిసారీ నాకు వాళ్ల మీద గౌరవం పెరుగుతుంది.

ఈ ఖనిజం జనాన్ని మోసగించడం ఈనాటిది కాదు. 1847లో గ్లోకర్ అనే శాస్త్రవేత్త ఒక గ్రీకు మాట నుంచి దీనికి స్ఫాలరైట్ అని పేరు పెట్టాడు. దాని అర్థం మోసపుచ్చేది అని. జర్మన్ గనుల్లో పుట్టిన బ్లెండ్ అనే మాటకూ అదే భావం. సీసపు ఖనిజం గెలీనా అనుకుని తవ్వి కాలిస్తే సీసం వచ్చేది కాదు. అందుకే ఆ పేర్లు నిలిచిపోయాయి.

రంగు చూసి తేల్చకండి

మా పిల్ల గోధుమరంగు రాయిని చేతిలోకి తీసుకుని "ఇదే స్ఫాలరైట్, పుస్తకంలో బ్రౌన్ అనే ఉంది" అంది. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. కల్తీ లేని స్ఫాలరైట్‌కు దాదాపు రంగే ఉండదు. జింక్ స్థానంలోకి ఇనుము చేరేకొద్దీ పసుపు, తేనెరంగు, గోధుమ, చివరికి నలుపు అవుతుంది. చిత్తూరు బెల్లం మండీలో లేతరంగు అచ్చు నుంచి నల్లబెల్లం దాకా ఎన్ని రంగులు కనిపిస్తాయో, ఈ ఒక్క ఖనిజంలో అన్నీ కనిపిస్తాయి. ఎర్రగా ఉండేదాన్ని రూబీ బ్లెండ్ అంటారు. ఇనుము బాగా ఉన్న నల్లదాన్ని మార్మటైట్ అంటారు. ఆకుపచ్చవి కూడా ఉన్నాయి. కాబట్టి రాయి రంగు నోట్ చేసుకోండి కానీ, దాన్ని బట్టి ఏ రాయినీ తీసెయ్యకండి, ఏ రాయినీ ఖాయం చెయ్యకండి.

రంగు కంటే మెరుపు మేలు. గుగ్గిలం ముక్క విరిచి చూడండి. విరిగిన చోట నూనె రాసినట్టు, లోపలి నుంచి వెలుగు వస్తున్నట్టు ఒక మెరుపు ఉంటుంది. రికార్డులో రెసినస్ లస్టర్ అని రాస్తారే, అదే. లేతరంగు స్ఫాలరైట్‌లో అది ఇంకా చురుగ్గా, వజ్రం మెరుపుకు దగ్గరగా ఉంటుంది. బాగా నల్లటి ముక్క మాత్రం కాస్త లోహంలాగే కనిపిస్తుంది, గెలీనాతో పొరబాటు అక్కడే జరుగుతుంది. అప్పుడు ముక్క పలుచని అంచును వెలుతురుకు అడ్డం పట్టి లెన్స్‌తో చూడండి. చాలా నల్ల స్ఫాలరైట్‌లలో అంచు దగ్గర ఎర్రగానో గోధుమగానో వెలుగు దూరుతుంది. గెలీనాలో ఎంత పలుచని అంచైనా దూరదు.

మొదట ఏ పరీక్ష చెయ్యాలి

చేతిలో ఉన్న సమయం తక్కువైతే నా ఎంపిక స్ట్రీక్. అంటే రాయిని గరుకు పింగాణీ మీద గీస్తే పడే పొడి రంగు. కాలేజీలో స్ట్రీక్ ప్లేట్ ఇస్తారు. ఇంట్లో అయితే టైల్స్ షాపులో పగిలిన తెల్ల టైల్ ముక్క అడిగి తెచ్చుకుని, వెనకవైపు పాలిష్ లేని చోట గీయండి. దాని వెనకభాగం తెల్లగా ఉన్నదే ఎంచుకోవాలి. ఎర్రమట్టి టైల్ పనికిరాదు.

మా పిల్ల తెచ్చిన నాలుగు రాళ్లలో రెండు నల్లవి. మొదటిది గీస్తే బూడిద కలిసిన నలుపు గీత పడింది, పెన్సిల్‌తో గట్టిగా గీసినట్టు. అది గెలీనా. రెండోది కూడా అంతే నల్లగా ఉంది, కానీ గీత లేత గోధుమరంగులో, పసుపు కలిసినట్టు పడింది. రాయి అంత నల్లగా ఉండి గీత ఇంత లేతగా రావడం ఆ పిల్లకు నమ్మబుద్ధి కాలేదు, మూడుసార్లు గీసి చూసుకుంది. స్ఫాలరైట్‌కు ఇది పెద్ద గుర్తు. దాని గీత తెలుపు నుంచి లేత పసుపు, లేత గోధుమ వరకు ఉంటుంది. ఎప్పుడూ రాయి కంటే బాగా లేతగానే ఉంటుంది. ఇనుము ఎక్కువైన ముక్కల్లో గీత ముదురుతుంది. అప్పుడు పొడిని వేలితో పలుచగా రుద్దితే అసలు రంగు తెలుస్తుంది. గీసిన వెంటనే ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలాసార్లు సన్నగా కుళ్లిన గుడ్డు వాసన కూడా వస్తుంది.

స్ట్రీక్‌తో తేలిపోయే పోలికలు ఇంకా ఉన్నాయి. హెమటైట్ ఎంత నల్లగా ఉన్నా గీత ఎర్రగా పడుతుంది. రాయలసీమలో ఇనుప ఖనిజం చూసినవాళ్లకు ఇది తెలిసిందే. ఇనుప సల్ఫైడ్ అయిన పైరైట్, రాగి ఖనిజం చాల్కోపైరైట్ రెండింటి గీత ఆకుపచ్చ ఛాయ ఉన్న నలుపు. పైగా చాల్కోపైరైట్ తోమిన ఇత్తడిలా ఉంటుంది, పైరైట్ దానికంటే పాలిపోయి ఉంటుంది. వీటి దగ్గర ఎక్కువసేపు ఆగాల్సిన పని లేదు.

కానీ స్ట్రీక్‌లో ఒక ఉచ్చు ఉంది. గార్నెట్ లాంటి గట్టిరాయిని పలక మీద గీస్తే రాయి అరగదు, పలకే అరుగుతుంది. తెల్లటి పొడి పడుతుంది. అది పలక పొడి. దాన్ని చూసి "తెల్ల స్ట్రీక్, కాబట్టి స్ఫాలరైట్" అని రాసేవాళ్లు ఉన్నారు. నేనూ డిగ్రీలో ఒకసారి అలాగే రాసి మార్కులు పోగొట్టుకున్నాను. అప్పటి నుంచి పొడిని తుడిచి పలకను చూడటం అలవాటు చేసుకున్నాను. పలక మీద గాటు పడితే ఆ రాయి పలక కంటే గట్టిది, ఇక అది స్ఫాలరైట్ అయ్యే అవకాశం లేదు.

గట్టిదనం, బరువు: ఏది ఎప్పుడు పనికొస్తుంది

ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా చెప్పే మోస్ స్కేలులో స్ఫాలరైట్ గట్టిదనం 3.5 నుంచి 4. గోరుతో గీస్తే గీత పడదు, మేకుతోనో చాకు మొనతోనో గీస్తే తేలిగ్గా పడుతుంది. గార్నెట్ 6.5 నుంచి 7.5, చాకుకు లొంగదు, గాజును గీరుతుంది. సంచిలోని నాలుగో రాయి, ఎర్రటి గోధుమది, దీంతోనే తేలిపోయింది. చాకు దాని మీద జారి, చాకు ఇనుమే సన్నని మెరిసే గీతగా రాయి మీద మిగిలింది. అది గార్నెట్. తగరపు ఖనిజం క్యాసిటరైట్‌తో అనుమానం వచ్చినా ఇదే దారి. దాని గట్టిదనం 6 నుంచి 7, బరువు కూడా చాలా ఎక్కువ.

హార్డ్‌నెస్ కిట్ కొనాలా అని చాలామంది అడుగుతారు. కాలేజీకైతే కొనండి. ఒక్కరి చదువుకు మాత్రం ఇనుప మేకు, గాజుముక్క, ఒక కాల్సైట్, ఒక ఫ్లోరైట్ చాలు. కాల్సైట్ 3, ఫ్లోరైట్ 4. స్ఫాలరైట్ వీటి మధ్యన ఉంటుంది. ఆ డబ్బుతో పది రెట్లు పెద్దది చేసి చూపే మంచి లెన్స్ కొనుక్కుంటే ఎక్కువ లాభం అని నా అభిప్రాయం. ఇరవై రెట్ల లెన్స్ వద్దు. దాంతో కనిపించే చోటు చిన్నది, రాయిని ముక్కుకు ఆనించినట్టు పట్టుకోవాలి, చెయ్యి కదిలితే ఏమీ కనిపించదు.

బరువు దగ్గరికి వస్తే, స్ఫాలరైట్ సాపేక్ష సాంద్రత 3.9 నుంచి 4.1. అంటే అంతే పరిమాణం నీళ్లకు నాలుగు రెట్లు. గెలీనా 7.4 నుంచి 7.6. ఒకే సైజు ముక్కలు రెండు చేతుల్లో పట్టుకుంటే ఈ తేడా చెప్పక్కర్లేదు, గెలీనా ఉన్న చెయ్యి కిందికి దిగుతుంది. టంగ్‌స్టన్ ఖనిజం వుల్ఫ్రమైట్ కూడా నల్లగా మెరుస్తుంది, కానీ అదీ 7 దాటుతుంది, ఒక్క దిక్కులోనే బాగా చీలుతుంది. చేతి అంచనాకు మనవైపు దొరికే మంచి కొలత మంగంపేట బెరైటీస్. దాని సాంద్రత 4.5 దరిదాపుల్లో ఉంటుంది. ఆ ముక్క ఒకటి ఎప్పుడూ దగ్గర పెట్టుకుని, తెలియని రాయిని దాంతో పోల్చి చూడటం నేర్చుకోండి.

ఇంట్లో కచ్చితంగా కొలవాలంటే వంటింటి డిజిటల్ కాటా సరిపోతుంది. రాయిని ముందు మామూలుగా తూచండి. తర్వాత నీళ్ల గ్లాసును కాటా మీద పెట్టి అంకెను సున్నా చేయండి. రాయిని దారంతో కట్టి, అడుగుకూ పక్కలకూ తగలకుండా నీళ్లలో పూర్తిగా ముంచి పట్టుకోండి. అప్పుడు కాటా చూపేది రాయి పక్కకు నెట్టిన నీళ్ల బరువు. మొదటి అంకెను దీంతో భాగించండి. మా నల్లరాయి 82 గ్రాములు, నీళ్లలో కాటా 20 చూపింది. 4.1 వచ్చింది. రాయిలో తెల్లటి క్వార్ట్జ్ కలిసి ఉంటే ఈ అంకె తగ్గుతుంది, గెలీనా కలిసి ఉంటే పెరుగుతుంది. గనుల్లో స్ఫాలరైట్, గెలీనా తరచు కలిసే ఉంటాయి. కాబట్టి ఒకే ఖనిజం ఉన్న ముక్కతోనే ఈ కొలత చెయ్యండి.

అసలు చిక్కు సిడరైట్‌తో

ఇక మిగిలింది గోధుమరంగు రాయి, మా పిల్ల స్ఫాలరైట్ అని పట్టుబట్టినది. స్ఫాలరైట్‌ను గెలీనా నుంచి వేరు చెయ్యడం రెండు నిమిషాల పని. ఇనుప కార్బొనేట్ అయిన సిడరైట్ నుంచి వేరు చెయ్యడమే కష్టం, పరీక్షల్లో ఈ జంట మీద జాగ్రత్తగా ఉండాలి. రెండూ గోధుమరంగులో దొరుకుతాయి. సిడరైట్ గట్టిదనం కూడా 4కు అటూఇటూ. సాంద్రత 3.9 దగ్గర. గీత తెలుపు. అంటే రంగు, గట్టిదనం, బరువు, స్ట్రీక్, నాలుగూ దాదాపు ఒకే జవాబు చెబుతాయి. నాలుగు పరీక్షలు చేశాం కదా అన్న ధీమాతో పేరు రాసేస్తే తప్పు అయ్యేది ఇక్కడే.

ఇక్కడ నమ్మాల్సింది క్లీవేజ్, అంటే రాయి చీలే తీరు. సిడరైట్ మూడు దిక్కుల్లో చీలుతుంది. ముఖాలు లంబంగా ఉండవు, పక్కకు తోసిన పెట్టెలా వాలి ఉంటాయి. కాల్సైట్ చీలికను చూసినవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. స్ఫాలరైట్ ఏకంగా ఆరు దిక్కుల్లో చీలుతుంది. మామూలుగా దొరికే ఖనిజాల్లో ఇన్ని దిక్కుల్లో బాగా చీలేవి అరుదు. ఆరు దిక్కులనూ ఒక్క ముక్కలో లెక్కపెట్టడం కష్టమే, ఆ పని పెట్టుకోవద్దు. రాయిని ఎండలోనో ట్యూబ్‌లైట్ కిందనో పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. స్ఫాలరైట్ అయితే కొంచెం తిప్పగానే ఒక చదును ముఖం తళుక్కుమంటుంది, ఇంకొంచెం తిప్పితే ఇంకొకటి. 60, 90, 120 డిగ్రీల కోణాల్లో ముఖాలు కలుస్తాయి. గెలీనాను తిప్పితే మెట్లు మెట్లుగా, అన్నీ 90 డిగ్రీల్లోనే మెరుస్తాయి. గార్నెట్‌కు చీలికే లేదు, గాజు పగిలినట్టు వంపులుగా పగులుతుంది. ఒక్క క్లీవేజ్‌ను చూడటం వస్తే ఈ నాలుగు రాళ్లూ వేరైపోతాయి. స్ట్రీక్ తర్వాత రెండో ఓటు నాది దీనికే, అదీ సిడరైట్ అనుమానం ఉంటే మొదటి ఓటే.

అయినా తేలకపోతే ఆసిడ్. పలచని హైడ్రోక్లోరిక్ ఆసిడ్ ఒక చుక్క వేస్తే సిడరైట్ చల్లగా ఉన్నప్పుడు పెద్దగా స్పందించదు, పొడి చేసి వేస్తే నెమ్మదిగా, వేడి చేస్తే బాగా నురగ వస్తుంది. ఆ వాయువుకు వాసన ఉండదు. స్ఫాలరైట్ పొడి మీద వేస్తే కుళ్లిన గుడ్డు వాసన, అంటే హైడ్రోజన్ సల్ఫైడ్. ఇది విషవాయువు. చిటికెడు పొడికి మించి తీసుకోకండి, గదిలో చెయ్యకండి, కావాలని దగ్గరగా పీల్చకండి. ల్యాబ్‌లో లెక్చరర్ ఉన్నప్పుడే చెయ్యమంటాను. బాత్రూమ్ కడిగే ఆసిడ్‌తో ఇంట్లో పిల్లలు ఈ ప్రయోగం చెయ్యడం నాకు అసలు ఇష్టం లేదు. మేము ఆ రోజు ఆసిడ్ జోలికి పోలేదు, అవసరం రాలేదు. గోధుమరాయిని కిటికీ దగ్గర తిప్పి చూస్తే మూడే దిక్కులు, అన్నీ వాలుగా. మెరుపు కూడా గాజులా, కొంచెం ముత్యంలా ఉంది, గుగ్గిలం ఛాయ లేదు. "అయితే ఇది సిడరైటా మామా?" అని తనే అంది.

ఎమ్మెస్సీ వాళ్లకు ఒక మాట. పాలిష్ చేసిన ముక్కను ఓర్ మైక్రోస్కోప్ కింద పెట్టినప్పుడు స్ఫాలరైట్ బూడిదరంగులో, పోలరాయిడ్ మధ్య తిప్పినా మార్పు లేకుండా కనిపిస్తుంది. మాగ్నెటైట్‌తో పొరబాటు అక్కడ సహజం. స్ఫాలరైట్‌లో పసుపు, ఎరుపు, గోధుమ అంతర ప్రతిఫలనాలు వెతకండి. లోపల చాల్కోపైరైట్ చిన్న చిన్న పసుపు చుక్కలుగా చెల్లాచెదురై ఉంటే మీ అనుమానం ఇంకా తగ్గుతుంది. గెలీనా అయితే బాగా తెల్లగా, త్రికోణపు గుంటలతో ఉంటుంది.

కొనాలంటే ఏ ముక్క

నేర్చుకోవడానికి ఒక్కటే కొనగలిగితే నల్లటి, చదును ముఖాలు స్పష్టంగా ఉన్న ముక్క కొనండి. చూడముచ్చటగా ఉండే స్ఫటికం వద్దు. దాన్ని గీయడానికీ విరవడానికీ మనసు రాదు, గీయకుండా నేర్చుకోవడం కుదరదు. రెండు కొనగలిగితే రెండోది తేనెరంగుది. దానికి కాంతిని రంగులుగా విడదీసే శక్తి వజ్రం కంటే మూడు రెట్లు ఎక్కువ, ఎండలో పట్టుకుంటే నిప్పురవ్వల్లా రంగులు చిమ్ముతుంది. ఇంత మెత్తగా లేకుండా, ఇన్ని దిక్కుల్లో చీలకుండా ఉంటే ఉంగరాల్లో పొదిగేవాళ్లేమో. ఆన్‌లైన్‌లో ఒకచోట కొన్నప్పుడు స్ఫాలరైట్ చీటీతో నాకు సిడరైట్ వచ్చింది. కాబట్టి పార్సిల్ విప్పగానే చీటీని నమ్మకుండా పైన చెప్పినట్టు తిప్పి చూడండి, గీసి చూడండి. ఏ ముక్కను పట్టుకున్నా తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి. గెలీనాలో సీసం ఉంది, స్ఫాలరైట్‌లో తరచు కాడ్మియం కొద్దిగా ఉంటుంది. అన్నం తినే బల్ల మీద ఈ పనులు పెట్టుకోకండి.

కొనడం ఎందుకు, కొండ మీద ఏరుకుందాం అనుకునేవాళ్లు ఉన్నారు. తిరుమల కొండ క్వార్ట్‌జైట్, ఇసుకరాయి గట్టిపడి అయిన రాయి. దాని కింద పాత గ్రానైట్. మీకు కావాల్సిన ఖనిజం అక్కడ వెతికేది కాదు. శిలాతోరణం దగ్గర సుత్తి తీయడం మరీ తప్పు. అది దేశం కాపాడుకోవాల్సిన భూవారసత్వం. అక్కడికి లెన్స్ తీసుకెళ్లండి, గ్రానైట్‌కూ క్వార్ట్‌జైట్‌కూ మధ్య పోయిన కోట్ల సంవత్సరాల ఖాళీని ఘాట్ రోడ్డు పక్కన నిలబడి చూడండి, సుత్తి ఇంట్లో పెట్టి వెళ్లండి.

సాయంత్రానికి మా పిల్ల నాలుగు రాళ్లకూ కొత్త చీటీలు రాసింది. పేరు రాయడానికి ముందు ప్రతి చీటీ మీదా గీత రంగు, చాకు పరీక్ష, చీలిన దిక్కులు, నీళ్లలో వచ్చిన అంకె వరుసగా రాసుకుంది. నల్లరాయి చీటీ మీద "లేత గోధుమ, గీత పడింది, చాలా దిక్కులు, 4.1" అని రాసి, కింద గీత గీసి, స్ఫాలరైట్ అని పెట్టింది.